డైమండ్‌కి రెండో దారి

నలభై ఆరేళ్ల వయసులో నాకు కొత్త అక్షరాలు వచ్చాయి. అవి మొత్తం ఐదే.

అప్పట్లో గరివిడి వైపు ఒక ఫ్యాక్టరీలో ముడిసరుకు తూచే పని నాది. ఫర్నేసులో ఖనిజంతో పాటు విడతకు నూట ఎనభై కేజీల పొడి కోక్ బొగ్గు పడాలి. వాన కురిస్తే కుప్ప తడుస్తుంది, అప్పుడు తూకంలో కొంత నీళ్లే ఉంటాయి. ఒక కేజీ తడి కోక్‌ని పెనం మీద వేడిచేసి మళ్లీ తూస్తే తొమ్మిది వందల గ్రాములే మిగిలిందనుకోండి. పదో వంతు పోయిందని అందరూ పద్దెనిమిది కేజీలు అదనంగా వేసేవారు. అది తప్పు, ఆ అదనపు బొగ్గులోనూ నీళ్లుంటాయి. నూట ఎనభైని సున్నా పాయింట్ తొమ్మిదితో భాగించాలి, రెండు వందలు వస్తుంది. ఆ రెండు కేజీల తేడా నేనే సొంతంగా పట్టుకున్నాను. అప్పటినుంచి ఎక్కడ చినుకు పడ్డా, నేను సెలవులో ఉన్నా, నాకే ఫోను.

ఆ తొలకరికి కళింగపట్నంలో మా బావమరిది కొత్త పడవ సముద్రంలోకి దించుతున్నాడు.

"ఆడి పెళ్లికి రానేదు. ఇల్లు కట్టినప్పుడూ రానేదు. ఈపాలైనా వస్తావా, బొగ్గు తడిసినాదని ఆగిపోతావా?" అంది నా భార్య.

మా ఇంజనీరమ్మని సెలవు అడిగాను. ఆవిడ ఒక కాగితం చేతికిచ్చింది. "మీ లెక్క మీ తలలో ఉండిపోయింది. దాన్ని ఫ్లోచార్టుగా గీయండి. మీరు నోరు విప్పకుండా ఇంకొకరు అది చూసి పని చేయగలిగితే, మూడు రోజులు వెళ్లిరండి."

కాగితం మీద బొమ్మలు, పక్కన వాటి అర్థాలు ఉన్నాయి. కోడిగుడ్డు ఆకారం మొదలుకీ, ముగింపుకీ. మామూలు పెట్టె అంటే చేయాల్సిన పని. ఒక పక్కకి ఒరిగిన పెట్టెలో బయటనుంచి తీసుకునే అంకె గానీ, బయటికి చెప్పే అంకె గానీ రాయాలి. డైమండ్ అంటే ప్రశ్న. బాణం అంటే తరవాత ఎటు పోవాలో. ఇంతే! ఇన్నేళ్లుగా నా బుర్రలో తిరుగుతున్న పనికి ఇన్ని ఆకారాలున్నాయని నాకేం తెలుసు? తూకం రీడింగు ఒరిగిన పెట్టెలోకి వెళ్లింది. భాగహారం మామూలు పెట్టెలో కూర్చుంది. అన్నం చల్లారిపోతున్నా స్కేలు వదల్లేదు.

"ఏటా బొమ్మలు? బరిఫీ ముక్క నాగున్నాది," అంది నా భార్య, డైమండ్ మీద వేలు పెట్టి.

"అది ప్రశ్నే! బరువు తగ్గిందా అని అడుగుతాది."

"నన్నడగమను. నాను సెప్తాను, నీకు తగ్గినాది బుద్ధి."

మర్నాడు పొద్దున్న పరీక్ష. నాతో ఏళ్లుగా పనిచేస్తున్న తోటి తూకం మనిషి చార్టు పట్టుకున్నాడు. వారం రోజులుగా చినుకు లేదు. కోక్ వేడిచేశాడు, తూచాడు, బాణం వెంట వేలు జరుపుతూ డైమండ్ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. చార్టు తిప్పి వెనక వైపు కూడా చూశాడు.

"కేజీ కేజీగానే ఉన్నాది మావా. 'అవును'కి దారి గీసినావు. తగ్గకపోతే నానెక్కడికెల్లాలి? వానొచ్చేదాకా పెనం పట్టుకుని నిలబడాలా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేశారు. ఇంజనీరమ్మ కూడా నవ్వు ఆపుకోలేదు. నేను మాత్రం ఆ డైమండ్‌నే చూస్తున్నాను. కోక్ పొడిగా ఉన్న రోజు నన్నెవరూ పిలవరు. అందుకే ఆ రోజు నా లెక్కలోకే రాలేదు! గ్రాములు కూడా వదలని నేను, ఏడాదిలో సగానికి పైగా రోజులు వదిలేశాను.

"డైమండ్ గీస్తే కనీసం రెండు దారులు ఉండాలి," అంది ఆవిడ.

పెన్ను లాక్కున్నాను. డైమండ్ పక్కనుంచి 'లేదు' అని ఒక గీత లాగాను. దాని చివర పెట్టెలో 'నేరుగా నూట ఎనభై తూచు' అని రాశాను. 'అవును' దారిలో భాగహారం అయ్యాక 'వచ్చినంత తూచు' అని ఉంది. రెండు బాణాలూ తెచ్చి ఒకే కోడిగుడ్డులో కలిపాను. తోటివాడు మళ్లీ మొదటినుంచి వేలు జరిపాడు. పొడి కోక్‌తో చివరిదాకా వెళ్లాడు. ఆ తరవాత ఇంజనీరమ్మ బకెట్టు నీళ్లు తెప్పించి కోక్ తడిపించింది. ఈసారి ఇంకో దారిన వెళ్లాడు. భాగహారం నన్నడగలేదు. నేను నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు నిలబడి, లోపల మాత్రం గంతులేస్తున్నాను.

సెలవు వచ్చింది.

కళింగపట్నంలో పడవకి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడుతుండగానే వాన అందుకుంది. నా చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయింది.

"ఫోను కాదు, తాడు పట్టు!" అని అరిచింది నా భార్య.

పట్టుకున్నాను. ఇరవై మంది లాగుతుంటే పడవ ఇసకలోంచి కదిలి, మొదటి అలకి ముక్కు ఎత్తింది. మోకాళ్ల దాకా నీళ్లలో నేనూ కేకలు పెట్టాను.

ఒడ్డుకొచ్చి ఒళ్లు తుడుచుకుంటుంటే ఫోను మోగింది. తోటివాడే.

"మావా, తొమ్మిదొందల ఇరవై వచ్చినాది. నూట తొంభై ఐదున్నర పైన తూసినాం. నిన్నడగడానికి సెయ్యనేదు, సెప్పడానికి సేసినాను. పడవ దిగినాదా?"

మనసులోనే భాగించి చూసుకున్నాను. సరిగ్గా ఉంది.

"దిగినాది!" అన్నాను.