నల్లాలో సముద్రం

సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడకుండా సముద్రం మీద పదకొండు పాటలు రాసిన మొనగాణ్ణి నేను. ఆ రోజుల్లో అంతే, లేనిదాని మీదే మనసు. తెలంగాణ వచ్చిన కొత్త. మర్రిగూడ అవతల మా ఊళ్లో ఫ్లోరైడున్న బోరు నీళ్లు తాగితాగి పెద్దవాళ్ల కాళ్లు వంకర్లు పోయాయి. మంచినీళ్ల కోసమని కట్టిన ట్యాంకు ఇంకా చుక్క నీరెరగదు. ఆ ఖాళీ ట్యాంకు లోపల కూర్చుని మేం ముగ్గురం "అలల మీద వెన్నెల నీవై" అని పాడుకునేవాళ్లం. మాది రాక్ బ్యాండు. దర్జీ కొడుకు చోటూది గిటారు. రంగు డబ్బా బోర్లించి వాయించేవాడి పేరు డబ్బా (అసలు పేరు వాళ్లమ్మకైనా గుర్తుందో లేదో). రాతా, గొంతూ నావి. ఇంట్లో తిట్లు పడలేక ట్యాంకెక్కాం గానీ, లోపల నోరు తెరిస్తే చాలు, గొంతు పదింతలై మా మీదే పడేది. నా పాటకు నేనే మురిసి చచ్చేవాణ్ణి.

నల్లగొండలో మా కాలేజీ వార్షికోత్సవంలో పాడే అవకాశం వచ్చింది. నన్ను పెంచింది అవ్వ. "నేనొస్త బిడ్డా" అంది. "నువ్వెక్కడికే, బస్సెక్కలేవు" అన్నాను. బస్సు సాకు మాత్రమే. రెండుగా వంగి నడిచే ఆమెను చూసి తోటివాళ్లు నవ్వుతారని నా భయం. ఆ మాట పైకి అనలేదు (అనకపోతే ఆమెకు తెలియదనుకునేంత తెలివి).

మర్నాడు మిట్టమధ్యాహ్నం. పైమూత సందులోంచి గుండ్రంగా పడే వెలుగు తప్ప ట్యాంకంతా చీకటి. పాట ముగించాం. ప్రతిధ్వని మెల్లగా అణిగింది. అప్పుడు, అడుగున ఉన్న గొట్టం నోట్లోంచి ఎవరో ఊపిరి వదిలారు.

"గాలి రా" అన్నాడు డబ్బా.

గాలి దగ్గదు కదా. అది దగ్గింది. తర్వాత తీరిగ్గా "ఊఁ" అంది.

గిటారు పైనే వదిలి, మూడేసి మెట్లు దాటుకుంటూ దిగాం. కింద, ఆ గొట్టం చివరే ఉన్న మా వాడకట్టు కుళాయికి, అదే నల్లాకు, ఎవరో పసుపు రాసి కుంకుమ పెట్టారు. తడి ఇంకా ఆరలేదు. చుట్టూ ఎండ తప్ప మనిషి జాడ లేదు, కుక్కయినా లేదు.

మళ్లీ ఎక్కేది లేదన్నాం. కానీ చోటూ ఏడుపుమొహం పెట్టాడు. "గిటారు లేదని తెలిస్తే మా అబ్బా నన్నే పట్టుకొని కుడ్తడు రా!" సరేనని మర్నాడు మళ్లీ అదే వేళకు ఎక్కాం. చోటూ గిటారు మీద చెయ్యి వేశాడో లేదో, గొట్టం పలికింది.

"గంగమ్మా, ఉన్నవా? పాట ఆపినవేందే?"

ఇనుములోంచి వచ్చే ఆడగొంతు. ఎవరిదీ కాని గొంతు. చోటూ దువా మొదలుపెట్టాడు, డబ్బా ఆంజనేయుణ్ణి తలుచుకున్నాడు. నేను సముద్రం పాటే అందుకున్నాను. వేరేదేదీ రాదు మరి. గొంతు చివరిదాకా విని మళ్లీ మొదలుపెట్టింది.

"నాకొక్కడే మనుమడు తల్లీ. పాట వినొస్తనంటే బస్సెక్కలేవన్నడు. బస్సు కాదే, నా నడక జూసి వానికి సిగ్గు. గీ కాళ్లు నేను వంచుకున్ననా? వాని కాళ్లు వంగొద్దని అవతలూరి బాయి కాడికి పోయి ఒక్క బిందె మోసుకొచ్చి వానికే తాపిన. నేను గీ బోరు నీళ్లే తాగిన."

చీకట్లో నా మోకాళ్లు తడుముకున్నాను. తిన్నగా ఉన్నాయి. దయ్యమైనా బాగుండేది, అంత సిగ్గు తప్పేది. ఏడ్చాను. ట్యాంకు దాన్ని కూడా పదింతలు చేసింది.

ఆ వారంలో పదకొండు పాటలూ పొయ్యిలోకి పోయాయి. రాగం అదే ఉంచి అవ్వ మాటలు పెట్టాను. "నల్లా నల్లా, ఎన్నడొస్తవే, ఒక్క బిందెడు నాకే తాపె అవ్వ." చోటూ విని "గిది పాటనా, తిట్టా?" అన్నాడు. "రెండూ" అన్నాను. వార్షికోత్సవం రోజు అవ్వను చెయ్యి పట్టి నడిపించుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను. ఎవరైనా నవ్వారేమో, నేను చూడలేదు. పాట అయ్యాక చప్పట్లు లేవు. మా లెక్చరర్ మాత్రం "ప్రేమ పాటన్నరు గదయ్యా, గీ నీళ్ల పంచాయితేంది?" అని విసుక్కున్నాడు. బహుమతి డాన్సు చేసినవాళ్లకు పోయింది.

తిరుగు బస్సులో అడిగాను. "నిజంగ గంగమ్మే పాడుతదనుకున్నవా అవ్వా?"

"నీ గొంతు నాకు తెల్వదారా? తొలినాడే తెలిసింది."

"మరి పసుపు, కుంకుమ?"

"ఉత్తగ నల్లాతోని మాట్లాడితే పిచ్చిదంటరు. పసుపు పెడితే మొక్కుతుందంటరు."

"నాకే చెప్పొచ్చు గదా."

"ఇంట్ల ఎప్పుడు జూసినా నీ చెవులల్ల వైర్లేనాయె. గా ట్యాంకులనైతే వింటవని."

తర్వాత ట్యాంకులోకి నీళ్లొచ్చాయి, మా పాటల గది మునిగింది. అవ్వ కొన్నేళ్లు ఆ నీళ్లు తాగింది. కాళ్లు మాత్రం తిన్నగా కాలేదు. అలాగే వెళ్లిపోయింది. ఇప్పుడు హైదరాబాదులో మా కిరాయి ఇంట్లో, పొద్దున నీళ్లొచ్చే ముందు నల్లా ఒకసారి ఊపిరి వదిలి దగ్గుతుంది. నేను వంగి "వింటున్న చెప్పవ్వా" అంటాను. నా భార్య గుమ్మంలో నిలబడి, వీడికేమైందిరా దేవుడా అన్నట్టు చూస్తుంది. పసుపు పెట్టి మాట్లాడాలని అవ్వ చెప్పనే చెప్పింది. నాకే గుర్తుండదు.