కొత్త బ్రేకుకు బొట్టు

పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సు కోసం నిలబడి ఉన్నాను. వాలు మీద నుంచి గేర్ల సైకిలొకటి దూసుకొచ్చి, నా ముందే ఆగకుండా పోయింది. కాళ్ళు నేలకు రాస్తూ, ఆగి ఉన్న లారీకి జానెడు దూరంలో ఆపాడు ఆ మనిషి. ఒంటిమీద కంపెనీ యూనిఫారం, నలభై ఏళ్ళుంటాయేమో.

“పానం పోయేటిది గదా తమ్మీ! బ్రేకులు లేవా?” అన్నాను.

“కొత్తయే అక్కా! బ్రేకులు, గేర్లు, ముంగట షాకులు, అన్నీ నిన్ననే మార్పిచ్చిన. ఇయ్యాలనే మొదటిసారి ఎక్కిన. గుంతలు తెలుస్తలేవు, ఎత్తు మీద గూడ దిగే పని లేదు. గీ బ్రేకే...” అంటూ వంగి చూసి, పకపకా నవ్వాడు.

చక్రాన్ని పట్టి ఆపే డిస్కు బిళ్ళల మీద, బ్రేకు జారిపోయేలా, నూనెలో తడిపిన కుంకుమ బొట్లు మూడేసి!

“మా ఇంటామె పని. పొద్దుగాల కొత్తదానికి పూజ చేసింది.”

చావు తప్పిన మనిషి ముఖంలో చిరాకన్నదే లేదు. నా సంచిలోని శానిటైజర్‌తో బిళ్ళలు తుడిచి, అక్కడక్కడే తొక్కి చూసుకున్నాడు. చాలాసేపటికి బ్రేకు గట్టిగా పట్టింది.

“అక్కా, జెర కుంకుమ ఉన్నదా?” అన్నాడు. నా పర్సులోని పొట్లం ఇచ్చాను. బ్రేకుకు దూరంగా, హ్యాండిల్ కింద అలాగే మూడు బొట్లు పెట్టాడు.

“ఆమెకు చెప్పవా? మల్ల పెడ్తది!”

“రేపు చెప్త అక్కా. ఇయ్యాల్టి సంబురం ఆమెకుండనీ.”

ఆ సాయంత్రం మా ఆయన నా కోసం వండిన కూరలో ఉప్పెక్కువైంది. నేనూ మర్నాడే చెప్పాను.