రిమోట్ వదలని డాక్టరు గారు

ఎనభైల్లో టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా పక్కింట్లో ఒక న్యూరాలజిస్టు, అంటే మెదడు, నరాల డాక్టరు, ఉండేవాడు. ఆదివారం భోజనాలయ్యాక మమ్మల్ని కూచోబెట్టి, టేపు మీద రికార్డు చేసిన అమెరికన్ ఫుట్‌బాల్ చూపించేవాడు. ఆట కాదు, దెబ్బలు. ఒకడి హెల్మెట్ ఇంకొకడి దవడకి తగిలి వాడు నిలువునా కూలిపోతే, ఈయన రిమోట్ నొక్కి టేపు వెనక్కి తిప్పేవాడు.

"మళ్ళీ చూడండి, ఏం కొట్టాడండీ!" అని తొడ చరుచుకునేవాడు.

"పాపం, తలకేమైనా అవుతుందేమోనండీ," అన్నాను ఒకసారి.

"హెల్మెట్ ఉందిగా! మీరు మరీ పిరికివారండీ."

చదివిన చదువంతా తెల్లకోటుతో పాటు ఆస్పత్రిలోనే తగిలించి వచ్చేవాడు కాబోలు.

ఆ రోజే వాళ్ళమ్మాయి పరుగెత్తుకొచ్చి కాఫీ టేబుల్‌కి నుదురు కొట్టుకుంది. ఈయన టేపుని ఉన్నచోటే నిలిపేసి, టార్చి వేసి పిల్ల కళ్ళలోకి చూశాడు.

"తల కదపకమ్మా. వారం రోజులు ఆటల్లేవు, స్కూలూ లేదు."

పిల్లని లోపల పడుకోబెట్టి వచ్చి, సోఫాలో కూచున్నాడు. తెర మీద ఆటగాడు ఇంకా పడే ఉన్నాడు. డాక్టరు గారు రిమోట్ అందుకుని, టేపు వెనక్కి తిప్పి, అతన్ని లేపి నిలబెట్టాడు. మళ్ళీ కొట్టించాడు.