కొత్త పంపు వేసినా నిలబడని ముల్లు

1996లో నన్ను విజయవాడ నుంచి హైదరాబాదుకు బదిలీ చేసి, అఫ్జల్‌గంజ్ దగ్గరున్న మా శాఖ వాహనాల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా వేశారు. ఫోర్‌మన్ అంటే ఫిట్టర్లకు పైన, ఇంజనీరుకు కింద. బండి బాగైతే పేరు ఇంజనీరుది, బాగవకపోతే సంజాయిషీ మనది. చేరీ చేరగానే ఒక పాత పెట్రోలు జీపు వ్యవహారం నా నెత్తిన పడింది.

జీపు వేడెక్కితే చాలు, ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది. ఇంజనులో రాసుకునే ప్రతి భాగానికీ నూనెను తోసేది ఆయిల్ పంపు. చిన్న ఇనుప డబ్బాలో రెండు పళ్ల చక్రాలు తిరుగుతూ ఆ పని చేస్తాయి. ఒత్తిడి ఎంతుందో డాష్‌బోర్డు మీద ముల్లు చూపిస్తుంది. ముల్లు పడిపోయిందంటే సాధారణంగా పంపు అరిగి ఉండాలి, లేదా బేరింగులు అరిగి ఆ సందుల్లోంచి నూనె జారిపోతూ ఉండాలి. పాత పంపు అరిగిపోయిందని నేను రాకముందే కొత్తది వేశారు. అయినా ముల్లు నిలబడలేదు. ఇంకేం, బేరింగులే పోయాయని, డ్రైవరు నూనె చూసుకోకుండా నడిపాడని ఇంజనీరుగారు తేల్చేశారు. రిపోర్టు రాయడం నా వంతు.

ఆ డ్రైవరు యాదగిరి. ఉప్పుగూడలో ఉండేవాడు. ఏళ్ల తరబడి దినకూలీ మీదే బండి నడుపుతున్నాడు. అతన్ని పర్మనెంటు చేసే ఫైలు సరిగ్గా అప్పుడే కదులుతోంది. ఇంజను పాడుచేశాడని ఒక్క మెమో పడిందా, ఆ ఫైలు అటకెక్కినట్టే.

"ఆయిల్ సూడకుంట ఒక్క దినం గూడ బండి తియ్యలే సార్. నా బిడ్డ మీదొట్టు," అన్నాడు. నాకు ముక్కు మీదే కోపం. "ఒట్లు తర్వాత, ముందు తాళంచెవి ఇటివ్వు," అన్నాను.

స్టార్ట్ చేశాను. చల్లగా ఉన్నంతసేపూ ముల్లు బుద్ధిగా నిలబడింది. వేడెక్కగానే జారిపోయింది. మీటరే తప్పేమోనని వేరే మీటరు తగిలిస్తే అదీ అదే చూపించింది. కానీ బేరింగులు అంతగా అరిగితే, యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజను అడుగున దడదడ కొట్టాలి. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి విన్నాను. చప్పుడే లేదు! పంపు కొత్తది, బేరింగులు బాగున్నాయి, ప్రెషర్ లేదు. ఇదేమిటి చెప్మా అనుకున్నాను. మధ్యాహ్నం క్యారేజీ విప్పినా మనసంతా ఆ జీపు మీదే ఉంది.

పంపు విప్పుదామన్నాను. దాన్ని బిగించినవాడు ఖాజా భాయ్, మా ఫిట్టర్లందరిలో సీనియరు. ఆయనకు రోషం వచ్చింది.

"నేనేసిన పంపు మళ్ల ఇప్పుతరా సార్? ఒక్క బొట్టు గిట్ట కారుతున్నదా, సూడుండ్రి!"

"కారడం లేదులే భాయ్. కానీ ఎక్కడికో పోతోందిగా!"

ఈ జీపుకు పంపు ఇంజను పక్కనే, బయటే ఉంటుంది. కాకపోతే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరును కూడా ఆ పంపు ఇరుసే తిప్పుతుంది. ఇరుసు ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోకుండా లాగితే బండి మళ్లీ స్టార్ట్ కాదు. ఖాజా భాయ్ గొణుక్కుంటూనే గుర్తులు పెట్టి, పంపు తీసి, మూత విప్పాడు. చక్రాలు కొత్తవే, గీత కూడా లేదు. నూనె కారకుండా మూత కింద పెట్టే గాస్కెట్‌ను గుడ్డతో తుడిచి చూస్తే గులాబీ రంగు అట్ట, అంచున బంగారు గీత, సగం తెగిన ఉర్దూ అక్షరం.

"ఏమిటిది భాయ్?"

"మా చెల్లె బిడ్డ షాదీ కార్డు సార్. మస్తు గట్టిగుంటది."

కొత్త పంపును విప్పి, తుప్పు పట్టకుండా పూసి ఉంచిన గ్రీజు కడగనిదే ఆయన బిగించడు. మంచి అలవాటే. విప్పినప్పుడు కంపెనీ గాస్కెట్ చిరిగింది, స్టోరులో మరొకటి లేదు. మూత మీద అట్ట పెట్టి, అంచు వెంట చిన్న సుత్తితో తట్టి గాస్కెట్ కత్తిరించుకోవడం అక్కడి ఫిట్టర్లకు వెన్నతో పెట్టిన విద్య. వాటర్ పంపుకైతే ఆ అట్ట భేషుగ్గా పనిచేసేది. ఆయిల్ పంపులో మాత్రం చక్రాలకూ మూతకూ మధ్య సందు ఎంతుండాలో గాస్కెట్ మందమే నిర్ణయిస్తుంది. అది పల్చటి కాగితమంత ఉండాలి. అట్ట పెడితే సందు పెరుగుతుంది. చల్లటి నూనె చిక్కగా ఉంటుంది కాబట్టి ఆ తేడా తెలియదు. వేడికి పలచబడ్డ నూనె ఆ సందులోంచి వెనక్కి జారుకుంటుంది.

నేను చెప్పడం పూర్తికాకముందే ఖాజా భాయ్ ముఖం వాడిపోయింది. "యా అల్లా! బయట కారకుంట జేసి లోపల కారబెట్టిన గదా," అన్నాడు.

బజారు నుంచి పల్చటి గాస్కెట్ కాగితం తెప్పించాను. ఆయనే కత్తిరించాడు. పొడి పంపు నూనెను లాగదు కనుక ముందే అందులో నూనె నింపి, గుర్తు ప్రకారం బిగించాడు. ట్రయలుకు యాదగిరినే నడపమన్నాను. గుడిమల్కాపూర్ మార్కెట్ రద్దీలో ఇంజను బాగా కాగింది. ముల్లు కదల్లేదు. "నిలవడ్డది సార్!" అని అతను వేసిన కేకకు తోపుడుబండ్ల మీద పూలమ్మేవాళ్లు తిరిగి చూశారు. నాకూ పట్టలేని సంతోషం వేసింది.

రిపోర్టులో "గాస్కెట్ మార్చడమైనది" అని రాసి ముగిద్దామనుకున్నాను. ఖాజా భాయ్ ఒప్పుకోలేదు.

"గట్ల రాస్తె మళ్ల ఆ పోరని మీదికే వస్తది సార్. నా పేరు రాయుండ్రి."

రాశాను. సర్వీసంతా మచ్చ లేని ఆయనకు, రిటైరయ్యే ముందు మెమో వచ్చింది. యాదగిరి పర్మనెంటు అయ్యాడు.

కొత్త భాగం వేశాక కూడా జబ్బు తగ్గకపోతే, మన చెయ్యి చివరగా పడ్డ చోటును ముందు విప్పి చూడాలి. అది చూడకుండా ఆ తర్వాత ఏ డ్రైవరు మీదా నేను రిపోర్టు రాయలేదు.