చూరు కింద అత్త

సాలూరు బస్టాండు బయట, కొండ మీంచి దిగిన ఆడవాళ్ళు ఇప్పటికీ వేయించిన అడ్డపిక్కలు, అదే అడవిలో అడ్డతీగ గింజలు, అమ్ముతారు. ఆ మాడు వాసన తగిలితే చాలు, పాచిపెంట పైన మా ఊరు, మా ఇంటి వెనక గడ్డి కప్పిన పంచ, అందులో నిప్పుల ముందు గొంతుక్కూర్చున్న మా అత్త గుర్తొచ్చి నా కాళ్ళు ఆగిపోతాయి.

అత్త నాన్నకు అక్క. మొగుడు పోయాక పుట్టింటికే వచ్చేసింది. మా ఊళ్ళో నెలసరి వచ్చిన ఆడది గడప తొక్కకూడదు, పొయ్యి ముట్టకూడదు, విత్తనాల గాదె వైపు పోకూడదు. ఆ రోజులన్నీ పెరటి పంచలోనే పడక, అక్కడికే గిన్నెలో చోడి అంబలి. దాన్నే ‘బయటుండటం’ అంటారు. అమ్మా పిన్నీ అలాగే ఉండి, తలకు పోసుకుని లోపలికొచ్చేవారు. అత్త మాత్రం ఒక వానాకాలం బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రాలేదు.

పిల్లలం, మాకు అంతకంటే ఏం కావాలి! మిగతా ఆడవాళ్ళంతా పోడుకో కట్టెలకో పోయి, చీకటి పడ్డాక నడుం పట్టుకుని వచ్చేవాళ్ళు. పని ముట్టకూడని అత్త ఒక్కతే మాకు దొరికేది. జడివానకి చూరు ధార కడుతుంటే మొక్కజొన్న పొత్తులూ, చలి ముదిరాక అడ్డకాయలూ మూడు రాళ్ళ మధ్య కాల్చి, కాయ ఠప్పున పేలినప్పుడల్లా మేం కేకలేస్తుంటే, పిక్కలు ఊది ఊది మా దోసిళ్ళలో పోసేది; ఆమె కుట్టిన విస్తట్లో ఎవరూ తినరు గనక అడ్డాకులతో మాకు టోపీలు కుట్టేది. తిరిగొచ్చేటప్పుడు నాయనమ్మ గడప దగ్గరే ఆపి నెత్తిన చెంబుడు నీళ్ళు కుమ్మరించేది, అదీ మాకు ఆటే.

పంచలో బూడిద, తడిగడ్డి వాసనల కింద ఇంకేదో కుళ్ళు వాసన ఉండేది. అత్త తన గుడ్డలు ఎవరూ లేని వేళ చూసి గెడ్డ వాగులో ఉతుక్కునేది. రోజురోజుకీ పాలిపోయింది. ఇంట్లోకి ఎప్పుడొస్తావని అడిగితే నవ్వేది.

“ఏటీ నేదు గుంటా, బయటున్నాను, అంతే. ఆగిపోతే వచ్చేత్తాను.”

ఎవరూ దాన్ని జబ్బనుకోలేదు. నాకిప్పటికీ మింగుడుపడనిది అదే. జ్వరమొస్తే మందూ మాకూ చూసేవారు, కాలు విరిగితే డోలీ కట్టేవారు. బయటున్న మనిషికి చోటూ గిన్నే ముందే సిద్ధంగా ఉన్నాయి కాబట్టి, ఇన్ని నెలలు ఎందుకుందని ఎవరికీ తోచలేదు.

అత్త లేవలేక గెడ్డ దగ్గర పడిపోయిన రోజు డోలీ కట్టి సాలూరు దింపారు. ఇన్నాళ్ళూ ఏం చేశారని డాక్టరమ్మ కోప్పడితే, “జబ్బు కాదమ్మా, బయటుంది,” అందట నాయనమ్మ. గర్భసంచి మూతి దగ్గర పుట్టిన క్యాన్సరు లోపలంతా పాకిపోయిందనీ, ముందే తెస్తే దారుండేదనీ, ఇక ఇంటి దగ్గరే చూసుకోమనీ చెప్పారు.

తిరిగొచ్చేసరికి కందికొత్త పండుగ. అమ్మోరికి పెట్టందే కొత్త కంది ఎవరూ నోట పెట్టరు; ఊరంతా డప్పులు, ఉడికిన కందికాయల కమ్మటి వాసన. పంచ వైపు తిరిగిన డోలీని నాయనమ్మ ఆపేసింది.

“ఇంట్లోకి తెండిరా. జబ్బుకి మైలేటి?”

గాదె పక్కనే పడుకోబెట్టి, ఆవిడ తన చేత్తో ఉడికిన కందులు నోట్లో పెడితే, అత్త నమలలేక బుగ్గనే ఉంచుకుంది. మామిడికొత్త పండుగ దాకా ఉండలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. పంచ ఉన్నచోట బాత్రూం కట్టారు. ఊరికి ఆటో వస్తోంది. కాల్చిన అడ్డకాయల కోసం ఎదురుచూసే పిల్లలూ లేరు, వాళ్ళకి చిప్స్ ప్యాకెట్లున్నాయి. మొన్న సంతనాడు అడ్డపిక్కల పొట్లం కట్టించుకుని ఊళ్ళో తమ్ముడింటికి వెళ్ళాను. మరదలు వీధరుగు చివర విడిగా చాప మీద కూర్చుని ఉంది, పిల్లలు ఆమె చుట్టూ చేరి గవ్వలాడుతున్నారు. కిందటిసారి వచ్చినప్పుడూ అక్కడే ఉంది. మొహంలో నెత్తురు లేదు.

“ఏటయిందే?”

“ఏటీ నేదు వదినా, బయటున్నాను, అంతే.”

పొట్లం అరుగు మీద పడేసి, “లే, బేగి. ఆటో ఉండగానే సాలూరు దిగిపోదాం,” అని రెక్క పట్టుకుని లేపాను. ఆట చెడగొట్టానని పిల్లలు నా మీద అలిగారు.