దులపని పరదా

ఆ రోజు తారి పరదా దులపడం మరిచిపోయిందా, కావాలనే దులపలేదా? తండాలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. తారినే అడిగితే నవ్వి ఊరుకుంటుంది. ఈ ముచ్చట ఇప్పటికీ తెగలేదు.

కొడకండ్ల దాటాక వచ్చే ఆ తండాలో చదునైన సిమెంటు నేలంటే మిర్చి కల్లం ఒక్కటే. తారికప్పుడు పద్దెనిమిదేళ్లు. కాలేజీ లేని రోజుల్లో మిరప ఏరేది. ఫోన్లో చూసిన హిప్‌హాప్ ఒంటికెక్కాక ఆమెకు నేల కావాల్సి వచ్చింది. ట్రాక్టర్ నడిపే కొండల్, టెంట్‌హౌస్‌లో పనిచేసే మిథున్ తోడయ్యారు. కాయలు బస్తాలకెత్తిన సాయంత్రమే ముగ్గురూ కల్లంలోకి దిగారు. ఊడ్చిన నేల శుభ్రంగానే కనిపించింది. కొండల్ నెత్తి నేలకానించి గిర్రున తిరిగాడు. మరుక్షణం నెత్తి పట్టుకుని బోరింగు దగ్గరికి ఉరికాడు. నీళ్లు పడ్డాక మంట రెండింతలైంది.

తారి నాయనమ్మ బుచ్చి నూనె గిన్నె పట్టుకొచ్చింది.

"కాయ ఏరెటోళ్లం చేతులకు నూనె రాసుకుంటం. నెత్తితోని కల్లం ఊడ్చెటోనివి, నెత్తికి రాసుకోవద్దార కొడుకా?" అంది.

అప్పటి నుంచి అదే పద్ధతయింది. ముందు నూనె, జారకుండా అరచేతులకు దాని మీద పొయ్యి బూడిద. నేల మీద మిరపకాయలు ఎండబోసే పాత టార్పాలిన్ పరదా. ఎన్ని కాపుల ఘాటు తాగిందో, ఎర్రగా మాసిపోయి ఉండేది. ఆటకు ముందు దాన్ని దులపడం తారి పని. ఒక్కనాడూ మరవలేదు. తమ జట్టుకు తాము పెట్టుకున్న పేరు మిర్చి కల్లం క్రూ.

ఆడపిల్ల తలకిందులుగా నిలబడుడేందని తారి తండ్రి మంగీలాల్‌ను నలుగురూ దెప్పారు. ఆయన నెల రోజులు కూతురితో మాట్లాడలేదు. అయితే పొద్దు వాలేసరికి కల్లం మీది మేకలను మాత్రం తానే తోలేవాడు.

మూడో ఏడు జనగామలో యువజన పోటీలకు పిలుపొచ్చింది. తమ పేరు ఒక్కసారి మైకులో వినాలి. ముగ్గురి కోరికా అదే. పరదా చుట్టి భుజానేసుకుని బస్సెక్కారు. ముందురోజు దాకా దాని మీద కాయలు ఎండాయి.

పోటీలు నడిపించే వీరేందర్ వాళ్ల వదులు ప్యాంట్లు ఎగాదిగా చూశాడు. లంబాడీల అద్దాల బట్టలు కిరాయికి తెప్పించి సిద్ధంగా ఉంచాడు. హిప్‌హాప్‌కు హైదరాబాద్ టీములున్నాయట, తండా వాళ్లు తండా ఆట ఆడితేనే ముఖ్య అతిథికి నచ్చుతుందట.

"గిసొంటియి మా నాయనమ్మ కూలికి పోయేటప్పుడు గూడ కట్టుకుంటది సార్," అంది తారి. "ఆమెకు గవి బట్టలు. మీకు వేషం. మేం వేషం కట్టం."

"గట్లయితే స్టేజి ఎట్ల ఎక్కుతవు చెల్లే?"

"మెట్లెక్కి."

ఎక్కింది. వెనకే ఇద్దరూ ఎక్కారు. మైకులో మాత్రం గిరిజన సంప్రదాయ నృత్యమని చదివారు.  తారి పరదా విప్పి పరిచింది, దులపకుండానే. పాట మొదలైంది. మిథున్ గాల్లోకి లేచి దబ్బున దిగాడు. కొండల్ నెత్తి మీద తిరిగాడు. తారి ఒంటిచేత్తో నిలబడి కాళ్లు విసిరింది. పరదా మీద దెబ్బ పడినప్పుడల్లా లైట్ల వెలుగులో ఎర్రటి దుమ్ము లేచింది. వేదిక వెనక తిరుగుతున్న పెద్ద ఫ్యాన్లు దాన్ని తీసుకుపోయి ముందు వరుసలో దించాయి. మొదట ముఖ్య అతిథి తుమ్మాడు, ఆ తర్వాత వీరేందర్. కప్పిన శాలువాలు ముక్కులకు చేరాయి. వెనక కుర్చీల్లో ఈలలు. తారి కళ్ల నుంచి కూడా నీళ్లు కారుతున్నాయి, ఆట మాత్రం ఆగలేదు.

పాట అయిపోయాక వీరేందర్ దగ్గుతూనే వచ్చాడు. "ఎవలమ్మా మీరు అసలు?"

తారి మైకు అందుకుంది. "మిర్చి కల్లం క్రూ. ఘాటు చూస్తే సమజైతలేదా సార్?"

వెనక వరుసలు ఆ పేరునే అరిచాయి.

బహుమతుల వేళ మైకులో మళ్లీ ఆ పేరు వినిపించింది. మిర్చి కల్లం క్రూ, మూడో బహుమతి. వీరేందర్ గొంతే, ఇంకా బొంగురు తగ్గలేదు. ఒకసారి పిలిచాడు, రెండుసార్లు, మూడుసార్లు. గేటు దగ్గర నిలబడి తారి మూడూ విన్నది. వచ్చింది ఆ పేరు వినడానికే, బహుమతి కోసం కాదు. పరదా భుజానికెత్తుకుంది. లోపల చప్పట్ల మధ్య కొండల్, మిథున్ ఆమె కోసం వెతుకుతున్నారు. చెబితే బహుమతికి లాక్కుపోతారని వాళ్లకు కూడా చెప్పలేదు. ఎదురుగా ఆగిన కొడకండ్ల బస్సెక్కింది.