నలుపంటే నీళ్ళు

గుంటూరులో మాకు మెడ స్కాను తీసిన డాక్టరమ్మ గారు పోయారని మొన్న పేపరు జిల్లా పేజీలో చూశాను. నవ్వుతున్న ఫొటో వేసి, కింద 'మృదుభాషి' అని రాశారు. రాసినవాడు ఆవిడ బల్ల మీద ఒక్కసారి కూడా పడుకుని ఉండడు. కార్లలో వచ్చిన పెద్దమనుషులు ఆవిడ నోటికి జడిసి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడటం నేను కళ్ళారా చూశాను. పోయినవాళ్ళందరికీ ఒకే మాట అతికించేస్తే పని అయిపోతుందనుకుంటారు వీళ్ళు. ఆవిడ ఎలాంటి మనిషో నేను చెబుతాను.

పదేళ్ళ పైమాట. పర్చూరు దగ్గర పల్లె మాది. నాకు ముప్ఫై దాటాయో లేదో, మెడ మీద నిమ్మకాయంత గడ్డ లేచింది. మా ఆయనకు మిరపచేలో మందు కొట్టించే పని తెమలక, మా బావగారినీ ఆయన భార్యనూ తోడిచ్చి నన్ను గుంటూరు పంపారు. ఆమె నాకు తోడికోడలు, నేను అక్కా అని పిలుస్తాను. డాక్టరమ్మ గారు స్కాను తీశారు. జనం కిటకిటలాడుతుండటంతో ఫిల్ము చేతికిచ్చి, రిపోర్టుకు మర్నాడు రమ్మన్నారు.

మా బావగారు జిన్నింగు మిల్లుకు పత్తి కొనేవారు. బస్తాలోంచి గుప్పెడు దూది లాగి, ఎండకు పట్టి, నల్లమచ్చ కనబడితే చాలు, రైతు మొహమైనా చూడకుండా ఆ లాటు పక్కన పెట్టించేసేవారు. ఇంటికొచ్చాక నా ఫిల్మునూ అలాగే వరండాలో ఎండకెత్తి పట్టారు. "నల్లగా ఉంది. లోపలంతా కుళ్ళిపోయింది. ఇది క్యాన్సరే," అన్నారు. ఇక చూడండి, వీధి వీధంతా వచ్చి ఆ ఫిల్మును ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని ఎండకు పట్టింది. సంతకం చేయడం రానివాళ్ళు కూడా చూసి పెదవి విరిచారు. మా అత్తగారు నా గ్లాసు వేరు చేసింది. నా పిల్లలిద్దర్నీ ఎవరు పెంచాలో నా ఎదుటే వాటాలు వేసుకున్నారు. బుర్ర తక్కువ సంత అని ఇప్పుడంటున్నాను గానీ, ఆ రోజు నేనూ నమ్మి ఏడ్చాను.

మర్నాడు డాక్టరమ్మ గారు నా మొహం చూసి, "ఎవరు పోయారమ్మా?" అన్నారు.

"నాకు క్యాన్సరంట గదండీ."

"ఎవరు చెప్పారు?"

"మా బావగారండి. ఫిల్ములో నల్లగా ఉందని."

"ఆయనేం చేస్తారు?"

"పత్తి కొంటారండి."

"అయితే దూది చూసుకోమను. స్కానులో నలుపంటే నీళ్ళు. నీది ఉత్త నీటితిత్తి. సూదితో లాగేస్తే సరి. మిరపకాయల్లో తాలు ఏరతావా?"

"ఏరతానండి."

"తాలుకాయ ఎలా ఉంటుంది?"

"తెల్లగా పాలిపోయి ఉంటుందండి."

"మరింకేం. ఇక్కడా తెలుపుకే భయపడాలి. సన్న ఇసక చల్లినట్టు తెల్లచుక్కలుండి, అంచు చెదిరి, గడ్డ నిలువునా పెరిగి ఉంటే అప్పుడు ఏడుద్దువుగాని. అప్పుడు కూడా సూదిపరీక్ష అయ్యాకే. సైజు చూసి ఏడ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట."

అని, నా పక్కనే నిలబడ్డ అక్కను పిలిచారు. "నువ్వు పడుకోమ్మా. మంచి మెడ ఎలా ఉంటుందో దీనికి చూపిస్తా. మళ్ళీ నా దగ్గరికొచ్చి ఏడవకుండా."

అక్క నవ్వుతూ పడుకుంది. జెల్లీ చల్లగా తగిలితే భుజాలు ముడుచుకుంది. డాక్టరమ్మ గారు తెరను చూపిస్తూ ఒక్క మాట మొదలుపెట్టి ఆగిపోయారు. మెడలో థైరాయిడ్ గ్రంథికి వెనకవైపు శనగగింజంత గడ్డ. అందులో తెల్లచుక్కలు. తాలు ఏరిన కళ్ళు కదా, నాకూ కనబడ్డాయి.

బావగారిని లోపలికి పిలిపించి సూదిపరీక్ష చేయించమన్నారు. ఆయన నవ్వారు. "నిమ్మకాయంతది ఏం కాదంటారు, శనగగింజకి సూదంటారు. తోడొచ్చినోళ్ళకి కూడా రోగం అంటగడతారేంటండీ?"

"మీతో నాకు వాదనలేదు. నలుపూ తెలుపూ తెలియని మనిషితో ఏం మాట్లాడను," అన్నారావిడ.

మగాణ్ణి, అందులోనూ పత్తి చూపులో పేరున్నవాణ్ణి, ఆడది అలా అంటే ఆయన ఊరుకుంటారా? అక్క చెయ్యి పట్టుకుని విసురుగా బయటికి నడిచారు. నేనూ వెనకే కదలబోతే డాక్టరమ్మ గారు నా రెక్క పట్టుకున్నారు. "ఆయన తీసుకురాడు. నువ్వు తీసుకురా. నెల తిరక్కుండా."

"అలాగేనండి," అన్నాను.

నెల కాదు, రెండు మిరప పంటలు గడిచాయి. బావగారి మాటకు మా ఇంట్లో ఎదురు చెప్పే అలవాటు లేదని సాకు చెప్పుకున్నాను. కల్లంలో పనుందని చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నా తిత్తిలో నీళ్ళు తీయించుకుని, మెడ నున్నగా అద్దంలో చూసుకుంటూ, నేను బతికాను చాలనుకున్నాను. బావగారిది తెలివితక్కువతనం. నాదేమిటో మీరే పేరు పెట్టండి. ఆ తెల్లచుక్కలు చూసింది ఆయన కాదు, నేను.

అక్క గొంతు బొంగురుపోయాక లేచాను. చీరలు కొనాలని ఇంట్లో అబద్ధం చెప్పి గుంటూరు తీసుకెళ్ళాను. నడవాలో కూర్చుని, ఆవిడ పెట్టబోయే చీవాట్లన్నీ ముందే అనుకుని సిద్ధపడ్డాను. ఆవిడ చాలాసేపు చూశారు. కొలతలు తీశారు. పాత రిపోర్టు వెతికించి పక్కన పెట్టుకున్నారు. తర్వాత నర్సు చేతిలోని గుడ్డ తీసుకుని నాకిచ్చి, "మీ అక్క మెడ తుడువు," అన్నారు. అంతకు మించి నన్నొక్క మాట అనలేదు. ఎంత తిట్టినా అంత బాధ పడేదాన్ని కాదు.

సూదిపరీక్షలో క్యాన్సరనే తేలింది. ఆపరేషనయింది. గడ్డ గొంతు నరాన్ని పట్టేసిందని, నరం తీసేయక తప్పలేదన్నారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. చేలో ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడేలా పిలిచే మనిషి, గుసగుసల్లో పడింది. బావగారు మాత్రం "నేనే ముందు పసిగట్టి తీసుకెళ్ళా," అని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి.

డాక్టరమ్మ గారు పోయిన పదో రోజున నేనూ అక్కా ఆవిడ ఇంటికి వెళ్ళాం. హాలు నిండా జనం. ఒక్కొక్కరే లేచి ఆవిడ గురించి నాలుగు మాటలు చెబుతున్నారు. అక్క కూడా లేచి నిలబడింది. పెదాలు కదుపుతోంది, ఎవరికీ వినబడటం లేదు. డాక్టరమ్మ గారి తమ్ముడు ముందుకు వంగి, "ఏమంటున్నారండీ?" అని నన్నడిగారు.

"మా చెల్లెలు నన్ను సమయానికి ఇక్కడికి తీసుకురాబట్టి బతికానని చెప్పు," అంటోంది అక్క. చెప్పమని నా చెయ్యి నొక్కుతోంది.

హాలంతా నా వైపే చూస్తోంది. నేను నోరు తెరిచాను. నా గొంతు బాగానే ఉంది.